చేపల మంత్రిగారి రాజీనామా

వెన్నెల తెలుగు సంఘం అధ్యక్షుడు ఆంజనేయప్రసాద్ కోపం వస్తే రాజీనామా చేస్తాడు. మనసు నొచ్చుకున్నా చేస్తాడు. హైస్కూల్ ఆడిటోరియం అద్దెకి దొరక్కపోయినా, తంబోలా ముందా కూచిపూడి ముందా అన్న దగ్గర మాట తెగకపోయినా చేస్తాడు. చేసిన మరుక్షణం కాన్ఫరెన్స్ కాల్‌లో ఉన్న వాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు బతిమాలాలి. అందులో "మీరు లేకపోతే ఎలా ప్రసాద్‌గారూ" అనే ముక్క కార్యదర్శి పద్మజ వంతు. రెండేళ్ళుగా అని అని ఆ ముక్క ఆమె నోటికి ఎంత అలవాటైపోయిందంటే, పప్పులో పోపు పెడుతూ కూడా గొంతులో ఆదుర్దా తగ్గకుండా అనగలదు.

అలాగని ప్రసాద్ చెడ్డవాడేం కాదు. కార్ల కంపెనీలో మంచి ఉద్యోగం, మిషిగన్‌లోని నోవైలో పెద్ద ఇల్లు. కొత్తగా దిగిన కుర్రాళ్ళకి పరుపులు తనే వ్యాన్‌లో వేసుకుని వెళ్ళి ఇస్తాడు. ఎవరి కారు మంచులో దిగబడినా పార పట్టుకుని ముందు పరిగెత్తేది ఆయనే. కాకపోతే ఆ పదవంటే ప్రాణం. ప్రాణంతో సమానమైన దాన్ని ఊరికూరికే వదిలేస్తానని బెదిరించడం ఏమిటో పద్మజకి ఎప్పుడూ అర్థం కాలేదు. బహుశా వదలనివ్వరన్న ధీమా.

ఆ ఏడాది ఉగాది ముందు బుధవారం సాయంత్రం మళ్ళీ రాజీనామా చేశాడు. ఈసారి కారణం పెద్దదే. ముఖ్య అతిథిగా రావలసిన రాష్ట్ర మంత్రి రావటం లేదని కబురొచ్చింది. హైదరాబాద్‌లో అవి ఉద్యమం రోజులు. రెండు ప్రాంతాల నాయకులూ పోటీపడి రాజీనామాలు చేస్తున్నారు, ఉప ఎన్నికల్లో గెలిచి మళ్ళీ వస్తున్నారు. అలాంటప్పుడు మిషిగన్ వచ్చి శాలువా కప్పించుకునే తీరిక ఏ మంత్రికి ఉంటుంది? ఇక్కడ చూస్తే ఫ్లయర్ అచ్చయి ప్రతి ఇండియన్ స్టోర్ తలుపు మీదా అంటించేశారు. "గౌరవ మంత్రివర్యులు విచ్చేయుచున్నారు" అని పెద్ద అక్షరాల్లో ఉంది. పేరు మాత్రం వేయలేదు, ఎవరిని పంపేదీ వాళ్ళు చివరిదాకా తేల్చలేదు కాబట్టి.

పద్మజ తన వంతు ముక్క అంది. ప్రసాద్ రాజీనామా వెనక్కి తీసుకున్నాడు. తీసుకున్నా, మంత్రిని ఎక్కడినుంచి తేవాలన్నది అలాగే మిగిలిపోయింది. అప్పుడామె, పెద్దగా ఆలోచించకుండానే, తను పనిచేసే యూనివర్సిటీకి ఈ ఏడు ఒక మాజీ మంత్రి వచ్చారని చెప్పింది. పోర్చుగల్ దేశస్థుడు. సముద్ర చట్టాల మీద పాఠాలు చెబుతున్నారు.

ప్రసాద్ గొంతులో ప్రాణం లేచొచ్చింది. "క్యాబినెట్టా, సహాయ మంత్రా?"

"క్యాబినెట్టే. చేపలు, రేవులు, సముద్రం ఆయన శాఖ."

"అయితే ఫ్లయర్ మార్చక్కర్లేదండీ."

బయటినుంచి వచ్చే ప్రొఫెసర్లకి ఇల్లు చూడటం, ఇన్సూరెన్స్ కార్డులు ఇప్పించడం, మంచు బూట్లు ఎక్కడ కొనుక్కోవాలో చెప్పడం పద్మజ ఉద్యోగం. అబీలియో వలాదారిస్ అనే ఆ పెద్దాయనకి యాన్ ఆర్బర్‌లో గది చూసిపెట్టింది ఆమే. చేపల మంత్రికి పేరు కూడా వలతోనే మొదలైందేమిటా అని మొదటిరోజే నవ్వుకుంది. మర్నాడు వెళ్ళి అడిగితే ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. తనని ఎవరైనా మంత్రిగా పిలిచి చాలా ఏళ్ళయిందన్నాడు.

గురువారం ఆఫీస్ నుంచి వస్తూ ఉగాది పచ్చడికి బెల్లం కొందామని ఆమె స్టోర్‌లోకి వెళ్ళింది. స్టోర్ వెనక భాగంలో తిరుపతయ్య కౌంటర్. జనగామ దగ్గరి మనిషి, యాభై దాటాయి. అతని దోసెల కోసం ఒకప్పుడు పప్పుల అరల దాకా లైన్ ఉండేది. ఇప్పుడు కౌంటర్ ముందు ఎవరూ లేరు. తిరుపతయ్య సగం కోసిన ఉల్లిగడ్డతో పెనం రుద్దుతున్నాడు. పిండి పోయడానికి కాదు, చేతులు ఊరికే ఉండలేక. తప్పించుకుపోదామనుకుంది గాని అతను చూడనే చూశాడు.

దీపావళికి సంఘం వంట అతనిదే. ఆ వంట తిన్నవాళ్ళలో చాలామంది రెండు రోజులు మంచం దిగలేదు, ఒక పాపని ఆసుపత్రిలో పెట్టాల్సొచ్చింది. తర్వాత సంఘం తరఫున అందరికీ ఒక ఈమెయిల్ వెళ్ళింది. ఆహారం విషయంలో శుభ్రత లోపించినందుకు విచారిస్తున్నామని, ఇకపై ఆ కేటరర్‌ని పిలవబోమని. ప్రసాద్ చెప్పాడు, పద్మజ రాసి పంపింది. ఆ ఈమెయిల్ మీద ఆమె పేరే ఉంది.

"మేడమ్, జర ఒక మాట," అన్నాడు తిరుపతయ్య. "ఆ దినం మధ్యాహ్నానికే అన్నీ దించిన. గరం గరం పెడ్తనన్న. రెండుపార్లు మీ తానికొచ్చి అడిగిన. మీరే గద ఆగమన్నరు."

కోపంగా అనలేదు. అందుకే ఆమె తల ఎత్తలేకపోయింది. ముఖ్య అతిథి మాట్లాడందే భోజనాలు పెట్టకూడదన్నది సంఘంలో ఎవరూ రాయని నియమం. ముందే పెడితే తిని వెళ్ళిపోతారు, అతిథి ఖాళీ కుర్చీలకి ఉపన్యాసం చెప్పాలి. ఆ రోజు అతిథిగారు ఎక్కడో విందులో చిక్కుకుని బాగా పొద్దుపోయాక వచ్చారు. తిరుపతయ్య వచ్చి అడిగినప్పుడల్లా ఆమె వెళ్ళి ప్రసాద్‌ని అడిగింది, ప్రసాద్ "వచ్చేస్తున్నారు, ఒక్క పది నిమిషాలు" అన్నాడు, ఆమె ఆ మాట మోసుకొచ్చి తిరుపతయ్యకి చెప్పింది. ట్రేల కింద వెలిగించిన దీపాలు ఆరిపోయాయి. చికెన్ కూరా పెరుగు వడా అలాగే కూర్చున్నాయి, అతిథి కోసం.

"ఉగాదికి నన్ను పిలువకున్నా మంచిదే," అన్నాడతను. "నా వంట ఖరాబు కాదని ఒక్కపారి అందరికి చెప్పున్రి. లేకుంటె వచ్చే నెల ఈ కౌంటర్ చాట్ పెట్టెటోనికి ఇస్తరట. మల్ల ఈ ఊర్ల నాకు పొయ్యి దొరకది."

కమిటీలో మాట్లాడతానంది పద్మజ. ఇదే మాట జనవరిలోనూ అంది. అతను రెండు గారెలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. కారులో కూర్చుని వాటిని తిననూ లేక, పడేయనూ లేక, పక్క సీట్లో పెట్టుకుని ఇంటికి వచ్చింది.

*

శనివారం పొద్దున వలాదారిస్‌ని తీసుకురావడానికి ఆమే యాన్ ఆర్బర్ వెళ్ళింది. పొట్టిగా, మెడ చుట్టూ ఊలు మఫ్లర్‌తో గుమ్మం ముందు ముందే నిలబడి ఉన్నాడు. ఏం మాట్లాడమంటారని అడిగాడు. మీ కథే చెప్పండి, మంత్రి ఎలా అయ్యారో వినడం మావాళ్ళకి చాలా ఇష్టం అంది. నవ్వాడు. మంత్రి కావడం చాలా చిన్న కథ, కాకుండా పోవడమే కాస్త పెద్దది అన్నాడు.

ఆడిటోరియం నిండిపోయింది. పట్టుచీరలు, పరికిణీలు, వాటి మీద బరువైన కోట్లు. ప్రార్థనాగీతం, పంచాంగ శ్రవణం, పిల్లల నాటకం అన్నీ అనుకున్నదానికంటే సాగాయి. చివరికి వలాదారిస్‌ని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆయన దాన్ని మఫ్లర్ మీదే సర్దుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ప్రసాద్ మైకు పట్టుకుని, పద్మజ రాసిచ్చిన నాలుగు వాక్యాల పరిచయాన్ని పావుగంట చేశాడు. రాజీనామా అన్న మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచాడు. "ప్రజల కోసం పదవిని గడ్డిపోచలా విసిరికొట్టిన త్యాగధనుడు," అన్నాడు. హాలు మారుమోగిపోయింది. ఎందుకు చప్పట్లు కొడుతున్నారని వలాదారిస్ పద్మజని చెవిలో అడిగాడు. మీరు రాజీనామా చేసినందుకు అంది. ఆయన ఆ శాలువాని ఒకసారి చూసుకుని మైకు దగ్గరికి లాక్కున్నాడు.

పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఆయన ఇంగ్లీషులో చెప్పేది ఆమె పక్కన నిలబడి తెలుగులో చెబుతోంది. తండ్రి రేవులో చేపల పీపాలకి మూతలు బిగించేవాడట. తను బడిపంతులయ్యాడు, బెస్తవాళ్ళ సంఘానికి ఉత్తరాలు రాసిపెట్టాడు, వాళ్ళే పార్లమెంటుకి పంపారు. మంత్రి కాగానే ఆ పాత రేవుకి ఒక కొత్త రక్షణ బోటు ఇప్పించాడు. తుఫానులో పడవలు చిక్కుకుంటే పోయి జనాన్ని లాక్కొచ్చే గట్టి బోటు. అదంటే తనకి చాలా గర్వంగా ఉండేదన్నాడు. దాని ప్రారంభానికి తనే వస్తానన్నాడు.

"నేను వచ్చే రోజు పొద్దున గాలి లేచింది," అన్నాడు. "ఒక పడవ సాయం కావాలని పిలిచింది. బోటు సిద్ధంగానే ఉంది. కొత్త రంగు, చుట్టూ పూలదండలు. రిబ్బన్ ఇంకా కట్ చేయలేదు. రేవు అధికారి, పాపం మంచివాడు, మంత్రిగారి కారు దగ్గరికొచ్చేసింది, ఒక్క పది నిమిషాలు చూద్దాం అన్నాడట. నా కారు ఆలస్యమైంది. పడవలో ఆరుగురు ఉన్నారు."

పద్మజ తెలుగు చేస్తోంది. ఒక్క పది నిమిషాలు అన్న దగ్గర ఆగి గ్లాసు అందుకుంది. మంచినీళ్ళు తాగి మళ్ళీ చెప్పింది. ముందు వరసలో ప్రసాద్ కాలు మీద కాలు వేసుకుని, ఆడుతున్న పాదాన్ని ఆపి కూర్చున్నాడు.

"ఆగమని నేను చెప్పలేదు. నాకసలు తెలియదు. విచారణలో కూడా మంత్రి తప్పేమీ లేదని రాశారు. కానీ అది ఆగింది నా కోసం. ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చాను."

మళ్ళీ చప్పట్లు. మూడో వరసలోంచి హనుమయ్యగారు లేచారు. తాసీల్దారుగా రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దమనిషి. ఒక ప్రశ్న అన్నారు. రాజీనామా ఆమోదించారా, పెండింగ్‌లో పెట్టారా? పద్మజ ఇంగ్లీషులో అడిగింది. ఆమోదించారన్నాడు వలాదారిస్. మరి ఉప ఎన్నిక ఎప్పుడు పెట్టారు, ఎంత మెజారిటీతో గెలిచారు అని హనుమయ్యగారి రెండో ప్రశ్న. వలాదారిస్‌కి అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పాక కళ్ళు పెద్దవి చేసి, మళ్ళీ ఎప్పుడూ నిలబడలేదు, అంతటితో నా రాజకీయం అయిపోయింది అన్నాడు.

హనుమయ్యగారు నిజంగానే విస్తుపోయారు. "మరి రాజీనామా ఎందుకు చేసినట్టమ్మా?"

హాల్లో నవ్వులు లేచాయి. పద్మజ మాత్రం నవ్వకుండా ఆ ప్రశ్నని ఉన్నదున్నట్టు అందించింది. వలాదారిస్ మైకు మీదుగా దూరంగా చూశాడు. హాలు వెనక బల్లల మీద ట్రేల వరస, వాటి ముందు ఆకలితో గునుస్తున్న పిల్లలు ఆయనకి కనబడుతూనే ఉన్నారు.

"ఇంకేదీ నా కోసం ఆగకూడదని," అన్నాడు. "భోజనం చల్లారిపోతోంది. వెళ్ళి తినండి."

ఆయనకిచ్చిన సమయం ఇంకా సగం ఉండగానే కుర్చీలోంచి లేచి వేదిక దిగిపోయాడు. జనం హాయిగా నవ్వుకుంటూ ప్లేట్ల వైపు కదిలారు. ఆ చివరి మాటలు తెలుగులో చెప్పేటప్పుడు పద్మజ సరాసరి ప్రసాద్ మొహంలోకే చూసింది. అతను ఫోన్ తీసి చూసుకుంటున్నాడు.

తిరుగు దారిలో వలాదారిస్, మీరు అన్నిసార్లు అన్న ఆ మాటేమిటి అని అడిగాడు. రాజీనామా అని ఆమె నెమ్మదిగా పలికి చూపించింది. రాజీ అంటే సర్దుబాటు, నామా అంటే పత్రం. రెండూ కలిపితే పదవి వదులుకోవడం. సర్దుబాటు పత్రమా అని ఆయన పడీ పడీ నవ్వాడు. నవ్వు ఆగాక పద్మజ అడిగింది. "మీ ప్రధానమంత్రి వద్దనలేదా?"

"అంటాడనే అనుకున్నాను. లోపల ఒక మూల ఆశ ఉండింది. ఆయన చదివాడు, లేచి నిలబడ్డాడు, చెయ్యి కలిపాడు. రెండేళ్ళు నాకు ఆయన పేరు చెబితే మంట." కిటికీలోంచి రోడ్డు పక్క కరిగీ కరగని మంచు గుట్టల్ని చూస్తూ అన్నాడు. "వద్దనుంటే నేను సంతోషంగా ఉండిపోయేవాణ్ణి. ఉండిపోతే ఆ ఆరు ఇళ్ళ ముందు నుంచి నడవగలిగేవాణ్ణి కాదు. నా ఇల్లు ఇప్పటికీ ఆ ఊళ్ళోనే. అక్కడున్నప్పుడు రోజూ పొద్దున ఆ వీధిలోనే నడుస్తాను. నా మాటని నమ్మి, ఇచ్చింది పుచ్చుకున్న మనిషి ఆయనొక్కడే."

ఆయన్ని దింపి ఇంటికి వస్తుంటే పద్మజకి మనసు విచిత్రంగా తేలికపడింది. ఏం చెయ్యాలో తెలిసిపోయినప్పుడు ఉండే తేలిక అది. భయం కూడా ఉంది, కాని దాని పక్కన ఈ తేలిక కూడా కూర్చుంది.

*

ఆదివారం మధ్యాహ్నం ప్రసాద్ ఇంటి బేస్‌మెంట్‌లో కమిటీ కలిసింది. అందరూ హుషారుగా ఉన్నారు. ఉగాది ఇంత బాగా ఎప్పుడూ జరగలేదన్నారు. ప్రసాద్ భార్య వసంతలక్ష్మి మెట్ల మీదినుంచి వేడి వేడి పునుగులు దించింది. సహాయ కార్యదర్శి రాకేష్ ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని మినిట్స్ రాస్తున్నాడు. కుర్రవాడు, పద్మజని అక్కా అని పిలుస్తాడు, ఆమె ఏం చెబితే అది రాస్తాడు.

ఇంకేమైనా ఉందా అని ప్రసాద్ అడిగినప్పుడు పద్మజ తిరుపతయ్య మాట ఎత్తింది. దీపావళి నాటి ఈమెయిల్ తప్పని, వంట సమయానికే సిద్ధమైందని, ఆపింది మనమేనని సభ్యులందరికీ రాయాలంది. లేకపోతే అతని కౌంటర్ పోతుందంది.

ప్రసాద్ చేతిలో పునుగు ప్లేట్‌లోకి జారింది. ఇప్పుడెందుకండీ అవన్నీ అన్నాడు. అందరూ మర్చిపోయారన్నాడు. రాస్తే రేపు ఎవరైనా సంఘం మీద కేసు వేస్తారన్నాడు. పద్మజ ఏదీ కాదనకుండా అంతా విని, అయినా రాయాలి ప్రసాద్‌గారూ అంది. ఆయన మొహం ఎర్రబడింది.

"అంటే తప్పు నాదంటారు. పదేళ్ళుగా ఈ సంఘానికి చాకిరీ చేసినందుకు ఇదా? సరే. రాజీనామా చేస్తున్నాను."

అలవాటు ప్రకారం అందరూ సర్దుకుని కూర్చున్నారు. ముందు ఒకాయన, అలా అనకండి సార్ అన్నాడు. ఇంకొకాయన, వదిలేద్దాం ఆ టాపిక్ అన్నాడు. తర్వాత పద్మజ వంతు. వసంతలక్ష్మి కూడా టీ ట్రేతో మెట్ల చివర నిలబడి ఆమె వైపే చూసింది.

"సరేనండీ," అంది పద్మజ. "ఆమోదిద్దాం."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. రాకేష్ వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ప్రసాద్ అటూ ఇటూ చూశాడు, ఎవరైనా నవ్వుతారేమోనని. "ఆమోదించడమేమిటండీ?" అన్నాడు. గొంతు అధ్యక్షుడిది కాదు, ఎవరో చిన్నబుచ్చుకున్న మనిషిది. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. ఎన్నిసార్లో ఆయన ఆమె కారు టైరు మార్చాడు, ఆమె తల్లి పోయినప్పుడు టికెట్ బుక్ చేసి ఎయిర్‌పోర్ట్‌లో దింపాడు. అయినా ఆమె మాట వెనక్కి తీసుకోలేదు.

"మీరు ఇన్నిసార్లు ఇచ్చారు, మేం ఒక్కసారీ పుచ్చుకోలేదు. అది మీకు మర్యాద కాదు," అంది. "భోజనం ఆగింది మన అతిథి కోసం, మన సంఘం పరువు కోసం. తిరుపతయ్యగారి వల్ల కాదు. రాకేష్, నాది కూడా రాయి. ఆయన్ని రెండుసార్లు ఆగమన్న నోరు నాది. ఆ ఈమెయిల్ నాది. కార్యదర్శి రాజీనామా."

"అయ్యో, వద్దక్కా," అన్నాడు రాకేష్. "నువ్వు లేకపోతే ఎలా?"

రెండేళ్ళుగా తను అంటూ వచ్చిన మాట తన మీదికే వచ్చింది. వినడానికి ఎంత బావుందో ఆ క్షణంలో తెలిసింది ఆమెకి. ఒక్కసారి తల ఊపితే చాలు, అంతా మళ్ళీ ఎప్పటిలా అయిపోతుంది. ప్రసాద్ పదవీ ఉంటుంది, తన పదవీ ఉంటుంది, పునుగులు మళ్ళీ వేడి చేయించుకోవచ్చు. ఆమె తల ఊపలేదు.

ముందు మాట్లాడింది ప్రసాదే. "రాయవయ్యా. ఆవిడ అడుగుతోంది కదా," అన్నాడు. ప్లేట్ పక్కకి నెట్టి, "రెండూ రాయి," అన్నాడు.

తర్వాత కుర్చీ లాక్కుని రాకేష్ పక్కన కూర్చున్నాడు. ముందు ఈమెయిల్ పోనీ, మిగతావి తర్వాత అన్నాడు. చెబుతుంటే రాకేష్ కొట్టాడు. వంట వేళకే సిద్ధమైందని, వడ్డన ఆపించింది సంఘం అధ్యక్షుడని, జరిగినదానికి తిరుపతయ్యగారి బాధ్యత ఏమీ లేదని, ఆయనకి క్షమాపణ చెబుతున్నామని. అధ్యక్షుడు అన్న చోట పద్మజ వంగి కార్యదర్శి అన్న మాట కూడా చేర్పించింది. కింద సంతకాలకి వచ్చేసరికి ప్రసాద్ ఆగాడు.

"మాజీ అని పెట్టాలాండీ?"

"ఇంకా కాదు," అంది పద్మజ. "ఇది పంపాక."

ప్రసాద్ తనే చెయ్యి చాపి మీట నొక్కాడు. ఆ తర్వాత రాకేష్ మినిట్స్‌లో రెండు రాజీనామాలూ ఆమోదించినట్టు రాశాడు. వసంతలక్ష్మి చల్లారిన టీ పైకి తీసుకెళ్ళి మళ్ళీ పెట్టుకొచ్చింది. ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు గాని ఎవరూ లేచి వెళ్ళిపోనూ లేదు. ప్రసాద్ రెండు కప్పులు తాగాడు. ఆయన భుజాలు ఎప్పుడూ ఉండేంత ఎత్తులో లేవు. ఆ చోటే వాటికి సుఖంగా ఉన్నట్టు కనబడింది పద్మజకి.

ఆమె కారు దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మోగింది. తిరుపతయ్య. కమిటీలో ఒకాయన ఫోన్ చేసి ఈమెయిల్ చదివి వినిపించి, రాజీనామాల సంగతీ చెప్పాడట. పక్కన పెనం మీద ఏదో చుయ్యిమంటోంది, ఎవరో ఆర్డర్ చెబుతున్న గొంతు వినబడుతోంది.

"మేడమ్," అన్నాడు, "ప్రసాద్ సార్, మీరు, ఇద్దరు దిగిపోయిండ్రట గద. నాకోసం ఎందుకు మేడమ్? నేనొచ్చి చెప్తా కమిటీకి. వాపసు తీసుకోండ్రి."

పద్మజ కారు తలుపుకి ఆనుకుని నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు వస్తున్నా నవ్వు ఆపుకోలేకపోయింది.

"కుదరదు తిరుపతయ్యగారూ," అంది. "ఆమోదించేశారు."